బీరువా ముందు కూర్చున్న మా అమ్ములుకి

చిరంజీవి అమ్ములుని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది బట్టలన్నీ మంచం మీద పోసుకుని కూర్చుందట, ఏడాదిపాటు కొత్త బట్ట కొననని ఒట్టేసుకుందట" అని నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే ఆ మాట అనుకున్నావంటే ఎంత గర్వంగా ఉందో తెలుసా? భయం కూడా వేసింది. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. ఫోన్లోంచి ఆ బట్టల యాప్‌లు తీసెయ్యి, వాటిలో ఉన్న కార్డు నంబర్లు చెరిపెయ్యి, సేల్ మెసేజ్‌లు రాకుండా చేసుకో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

మంచం మీద గుట్ట సంగతి వేరు. అంతా ఒక్కరోజులో తేల్చేద్దామనుకోకు. రాత్రి పదకొండయ్యేసరికి విసుగొచ్చి మళ్ళీ లోపల కుక్కేస్తావు, లేదా కోపంలో మంచివి కూడా ఎవరికో ఇచ్చేస్తావు. రోజుకి ఒక్క అర చాలు. పోయిన ఏడాదిలో ఒక్కసారైనా వేసుకున్నవి పక్కన పెట్టి, మిగిలినవి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకో. దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎప్పుడు కొన్నావో, ఎన్నిసార్లు వేసుకున్నావో రాయి. ఆ పక్కనే, కొన్న రోజున ఏం జరిగిందో కూడా రాయి. ఈ మూడోది మాత్రం వదిలెయ్యకు. ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మక్కూడా పూర్తిగా తెలియదు.

1996లో నాకు ముప్పై రెండేళ్ళు. రాజమండ్రిలో అద్దింట్లో ఉండేవాళ్ళం. మీ పెదనాన్నకి క్యాంపులు, అన్నయ్యని అప్పుడే బడిలో వేశాం. మధ్యాహ్నం అయ్యేసరికి ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మూడు గంటలకి చీరల మూట ఒకావిడ వచ్చేది. వరండాలో మూట విప్పి, ఒక్కో చీరా మడత జార్చి, నా భుజం మీద వేసి, "ఈ రంగు నీకోసమే నేశారమ్మా" అనేది. డబ్బు వాయిదాల్లో ఇవ్వచ్చు. కాఫీ తాగుతూ గంటసేపు కూర్చుని తన కోడలి సంగతులు, కొడుకు సంగతులు చెప్పేది. ఏమీ కొనకుండా పంపితే మళ్ళీ రాదేమోనని నాకు బెంగ. అలా ఆరు నెలల్లో పదకొండు చీరలు చేరాయి. ఏడింటికి ఫాల్ కూడా కుట్టించలేదు. మీ పెదనాన్నకి తెలియకుండా దుప్పట్ల కింద పెట్టేదాన్ని. వాయిదాలు మోయలేని పరిస్థితి వచ్చి, ఆ శ్రావణంలో పాడుకున్న చీటీ డబ్బు పదివేలు తీసి కట్టేశాను. ఆ డబ్బు అవసరానికని దాచానని అంతకుముందే తాతయ్యకి గొప్పగా చెప్పుకున్నాను.

నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమంతా కొబ్బరిచెట్లు వరసపెట్టి పడిపోయాయి. మన ఇంటి పెంకులు లేచిపోయాయి. మనవాళ్ళంతా ప్రాణాలతో బయటపడ్డారు, అదే పదివేలు. పది రోజులు గడిచాక తాతయ్య బస్సు పట్టుకుని రాజమండ్రి వచ్చారు. చెప్పులకి ఇంకా బురద ఉంది. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపు అన్నయ్య చదువు గురించి అడిగారు. ఆ తర్వాత తల వంచుకుని, "అమ్మాయ్, ఆ చీటీ డబ్బులో ఒక ఆరువేలు సర్దగలవా, ఇల్లు కప్పించాలి, సంక్రాంతికి ఇచ్చేస్తాను" అన్నారు. ఆ మనిషి జన్మలో కూతురి దగ్గర చెయ్యి చాచి ఎరగరు.

ఆయన కూర్చున్న కుర్చీ వెనకే బీరువా.

"లేవు నాన్నా, ఖర్చయిపోయాయి" అన్నాను. దేనికి ఖర్చయ్యాయని ఆయన అడగలేదు. "పర్లేదమ్మా, ఎక్కడో చూస్తాలే" అని అన్నం కూడా తినకుండా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఇల్లు కప్పించారని తర్వాత తెలిసింది. పడిన చెట్ల స్థానంలో నాటిన మొక్కలు కాపుకొచ్చేసరికి ఆరేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ ఆ అప్పు ఆయన మెడ మీదే ఉంది.

ఆ రాత్రి పదకొండు చీరలూ మంచం మీద పరిచాను, నువ్వు పరిచినట్టే. ఒక్కొక్కటీ ఏ రోజున కొన్నానా అని తలుచుకుంటూ కూర్చున్నాను. వంగపండు రంగుది అత్తగారి ఉత్తరం వచ్చిన రోజు. చిలకపచ్చ గద్వాల చీర మీ పెదనాన్న పండక్కి రాలేనని కబురు పంపిన రోజు. చీర అవసరమై కొన్నది ఒక్కటీ లేదు. మర్నాడు మీ పెదనాన్నకి అంతా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మధ్యాహ్నాలు ఇంత కష్టంగా ఉంటున్నాయని నాకు చెప్పొచ్చుగా" అన్నారు. ఆ నెలలోనే దగ్గర్లో కుట్టుమిషన్ నేర్పే చోట నన్ను చేర్పించారు. తాతయ్యకి మాత్రం చెప్పే ధైర్యం రాలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేరు.

అందుకే నీ విషయంలో ఇంత కంగారు పడుతున్నాను. పోయిన సంక్రాంతికి మీ రూముకి వచ్చినప్పుడు నీ అలమరలో ఆవపిండి రంగు కుర్తీ చూశాను. ట్యాగ్ అలాగే వేలాడుతోంది. దాని వెనక అలాంటివే ఇంకా నాలుగు. పార్సిల్ కవర్లని రూమ్మేట్ కళ్ళబడకుండా మడతపెట్టి చెత్తబుట్ట అడుగున తోస్తున్నావు. నేను చూడలేదనుకున్నావు. ఎందుకే అంత దాపరికం? సంపాదించుకుంటున్నావు, కొనుక్కో, తప్పేముంది? దాచిపెట్టావంటేనే లోపల ఏదో నలుగుతోందని నాకు అర్థమైంది. ఆఫీసులో మాట పడ్డ రోజా? రాత్రి ఒక్కదానివే అన్నం తిన్న రోజా? అలాంటి రోజున ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి. నాకు నిద్ర తక్కువ, నీకు తెలుసు.

ఇంకోటి. కార్డు బాకీ ఉంటే ఎంతుందో ఇవాళే చూసుకో. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే మిగతాదాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం పడుతుంది. అంటే తాతయ్య తెచ్చిన వడ్డీయే, ఇంకాస్త ఎక్కువ. ఏడాదికి ముప్పై ఆరు నుంచి నలభై రెండు శాతం దాకా అవుతుంది. నీ దగ్గర దాచిందేమైనా ఉంటే ముందు అది తీర్చు. చాలకపోతే నన్ను అడుగు. సిగ్గుపడకు.

ఇక ఏడాదిగా వేసుకోకుండా మిగిలిన ఆ బట్టల్లో సగం చిన్న లోపం వల్లే మూలపడి ఉంటాయి. చంక బిగుతు, పొడుగు ఎక్కువ, జాకెట్టు కుట్టించలేదు. వాటిని ఒక సంచిలో వేసి పదిహేను రోజుల్లో టైలర్‌కి ఇచ్చెయ్యి. గడువు దాటితే ఇక నువ్వు వేసుకోవు, ఎవరికైనా ఇచ్చెయ్యి. సన్నబడ్డాక వేసుకుంటానని దాచినవి ముందు తీసెయ్యి తల్లీ. పొద్దున్నే తలుపు తీయగానే నిన్ను చిన్నబుచ్చే బట్టలు నీకెందుకు? నువ్వు బంగారంలా ఉన్నావు. ఇచ్చేటప్పుడు ఉతికి, బొత్తాలు చూసి, కావాలా అని అడిగి ఇవ్వు. అమ్మమ్మ వెంకటగిరి చీర మాత్రం ఎవరికీ ఇవ్వకు. పట్టువి ఉంటే మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చు, లేకపోతే జరీ మడత దగ్గరే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు, నల్లబడుతుంది. పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టు.

ఏడాది ఒట్టు నాకు కాస్త ఎక్కువే అనిపిస్తోంది. కటిక ఉపవాసం చేసినవాళ్ళు ద్వాదశినాడు ఎలా తింటారో చూశావుగా. మూడు నెలలకి పెట్టుకో. అది గడిచాక ఇంకో మూడు నెలలు. మధ్యలో ఒకటి కొనేస్తే అంతా పోయిందని ఏడవకు. నోట్‌బుక్‌లో దాని పక్కన కూడా ఆ రోజు సంగతి రాసుకో.

మాఘంలో అన్నయ్య కూతురు ఓణీల ఫంక్షన్ ఉంది. దానికోసం కొత్తది కొనకు. ఆ చిలకపచ్చ గద్వాల చీర ఇంకా నా దగ్గరే ఉంది, ఇన్నేళ్ళలో నాలుగుసార్లు కట్టుంటాను. నీ రంగుకి బాగుంటుంది. మిషన్ ఇప్పటికీ పనిచేస్తోంది, జాకెట్టు నేనే కుడతాను. వచ్చేటప్పుడు కొలత జాకెట్టు తెచ్చుకో.

నీ పెద్దమ్మ