అరకు కార్ల వెబ్‌సైటులో తరచూ అడిగే ప్రశ్నలను ఇలా సర్దుకున్నాం

మీ వెబ్‌సైటులో తరచూ అడిగే ప్రశ్నలు యాభై ఒకే పేజీలో కుప్పగా ఉన్నాయని, వాటిని గూగుల్‌లో కనబడేలా, వచ్చినవారికి పనికివచ్చేలా ఎలా సర్దాలి అని అడిగారు. విశాఖలో మా కుటుంబం అరకుకు కార్లు నడుపుతుంది. వెబ్‌సైటు పని నాది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

సర్దేముందు ఆ ప్రశ్నలు ఎవరివో చూడండి. మా సైటు తయారుచేసినవారు మొదట ‘మీ ప్రత్యేకత ఏమిటి?’ వంటివి రాశారు. ఫోనులో ఆ మాట మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. అందుకే ఫోను పక్కన నోటుపుస్తకం పెట్టి, అడిగినవారి మాటను అడిగినట్టే రాసుకున్నాం. ‘వెళ్లేటప్పుడు రైల్లో వెళ్తాం, తిరిగి రావడానికి మాత్రం కారు పంపుతారా?’ సొరంగాల దారిలో రైలెక్కాలని వచ్చేవారు చాలామంది అడిగేది ఇదే. దీనికి విడిగా ఒక పేజీయే రాశాం. ఒకావిడ ‘పాపకు ఘాట్ రోడ్డు మీద వాంతులవుతాయండీ, మధ్యలో ఆపుతారా?’ అన్నారు. మేమే కూర్చుని రాస్తే ఈ ప్రశ్న తట్టేది కాదు. ఇప్పుడది ఆవిడ మాటల్లోనే ఉంది. జవాబులో మొదటి మాట ‘ఆపుతాం’. వివరం ఆ తర్వాతే: ఘాట్ మొదలయ్యేలోపు శృంగవరపుకోటలో ఒకసారి, పైన అనంతగిరి కాఫీ తోటల దగ్గర మరోసారి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా తెరిచి చూడండి. జనం ఏ మాటలతో వెతికితే మీ సైటు కనబడిందో అందులో తెలుస్తుంది. మేము ‘వాహన అద్దె’ అని రాసుకుంటే, వాళ్లు ‘అరకు కారు రేటు’ అని వెతుకుతున్నారు.

ఏ సందేహం ఎక్కడ పుడుతుందో జవాబు అక్కడే ఉండాలి. బొర్రా గుహల టికెట్ ఛార్జీలో కలిసిందా అన్న ప్రశ్నను అరకు పేజీలో ధర కిందే పెట్టాం. అడ్వాన్సు, రద్దు వంటివి మాత్రమే ఉమ్మడి పేజీలో ఉన్నాయి. ఒకే జవాబును రెండుచోట్ల అతికించకండి. మా పాత ఛార్జీ ఒక పేజీలో అలాగే మిగిలిపోయి, ప్రయాణం ముగిశాక ఒక కుటుంబంతో మాట పడ్డాం. తప్పు మాది కాబట్టి పాత ధరే తీసుకున్నాం.

ఎఫ్‌ఏక్యూ స్కీమా కోడ్ (పేజీలో ఏది ప్రశ్నో ఏది జవాబో గూగుల్‌కు చెప్పే కోడ్) పెడితే గూగుల్ ఫలితం కిందే మీ ప్రశ్నలు కనబడతాయని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2023 ఆగస్టులోనే గూగుల్ ఆ సౌకర్యాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. నొక్కితే తెరుచుకునే జవాబులు పెట్టుకోవచ్చు, కానీ జవాబు ముందే పేజీ కోడ్‌లో ఉండాలి. నొక్కాక సర్వరు నుంచి తెచ్చేలా చేస్తే గూగుల్‌కు అది దొరకదు, పేజీలు చదివే దాని ప్రోగ్రాం గూగుల్ బాట్ బటన్లు నొక్కదు.

ప్రతి ప్రశ్నను పేజీలో ఉపశీర్షిక ట్యాగులో (h2, h3 వంటివి) పెట్టి, దానికంటూ ఒక లింకు ఇవ్వండి. వాట్సాప్‌లో అడిగినవారికి మేము ఆ లింకే పంపుతాం. పిల్లలతో వచ్చేవారు అడగకముందే పాప ప్రశ్న లింకు పంపేస్తాం.