చిన్న ఊరిలో ఉపాధ్యాయ ఉద్యోగం చేస్తూ చర్చిలో సండే స్కూలు కూడా నడపగలమా?

త్వరలో ఉపాధ్యాయురాలిగా చేరబోతున్న మీరు, చర్చి సంఘంలో సండే స్కూలు, అంటే ఆదివారం పిల్లలకు బైబిలు నేర్పే తరగతి, బాధ్యత కూడా ఒప్పుకుంటే రెంటికీ సమయం సరిపోతుందా అని అడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఆ రెండు పనులూ చేస్తున్నదానిగా చెబుతున్నాను: సమయం ఎలాగో సరిపోతుంది. చిన్న ఊరిలో అసలు చిక్కు వేరే ఉంది. వారమంతా తరగతిలో మీ ఎదుట కూర్చున్న పిల్లలే ఆదివారం చర్చిలోనూ మీ ఎదుట కూర్చుంటారు. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర పలకరించేదీ వారి తల్లిదండ్రులే.

ఈ సంగతి నాకు మూడో ఏట గానీ తెలిసిరాలేదు. ఒక ఆదివారం ఒక తల్లి "మావాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగారు. బడిలో అయితే ఆమెను కూర్చోబెట్టి, జవాబు పత్రాలు చూపించి, నెమ్మదిగా చెప్పి ఉండేదాన్ని. చర్చి మెట్ల మీద నిలబడి, నలుగురూ వింటుండగా, లెక్కల్లో తప్పాడని చెప్పేశాను. మరుసటి వారం నుంచి ఆ పిల్లవాడు సండే స్కూలుకు రాలేదు. బడికి రాక తప్పదు కనుక వచ్చేవాడు గానీ, నా వంక చూసేవాడు కాదు. వారి ఇంటికి వెళ్లి, తల్లి ముందే వాడికి క్షమాపణ చెప్పుకున్న తరువాత కూడా, వాడు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరు అడిగినా "అది రేపు బడిలో మాట్లాడుకుందాం" అంటాను. అలాగే ప్రార్థన కూటంలో ఒక కుటుంబం తమ అప్పు గురించో జబ్బు గురించో చెప్పుకున్న మాట ఉపాధ్యాయుల గదికి చేరనివ్వను. పిల్లలకు ఎవరివల్లనైనా హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం ఈ గోప్యత వర్తించదు. వెంటనే బాధ్యులైన అధికారులకు తెలియజేయాలి.

రెండో చిక్కు మనలోని టీచరే. మొదటి ఏడాది నేను సండే స్కూలులో కూడా ఎర్ర సిరాతో తప్పులు దిద్దాను, కంఠతా పెట్టిన బైబిలు వాక్యాలకు మార్కులు వేశాను. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి ఆదివారపు బడి ప్రారంభించినప్పుడు, వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదవడం నేర్పడం అందులో ముఖ్యమైన పని. మన దగ్గరికి వచ్చే పిల్లలు వారమంతా బడిలోనే గడిపి వస్తారు. వారికి మరో బడి చూపించడం నా పొరపాటు.

అయితే రైక్స్ నాటి పని పూర్తిగా తీరిపోలేదని కూడా చూశాను. తరగతిలో రెండు పదాలు కూడబలుక్కోలేని ఒక అమ్మాయి, ఇంట్లో విని విని, బైబిలులోని ఇరవై మూడో కీర్తన ఆరు వచనాలూ తడబడకుండా అప్పజెప్పింది. ఆ పుట ఆమె ముందు ఉంచి, నోటికి వచ్చిన ఒక్కొక్క మాట కిందా వేలు పెట్టి చూపమన్నాను. మార్కులు లేని ఆ గదిలో కొన్ని ఆదివారాలు అలా గడిచాక, అక్షరాలు ఆమెకు పట్టుబడడం మొదలైంది.

ఇక సమయం మాట. క్రిస్మస్ తేదీ మారదు గానీ, ఈస్టర్ మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారమైనా రావచ్చు. కాబట్టి బడి పరీక్షల తేదీలు తెలియగానే ఆ ఏడాది ఈస్టర్ ఎప్పుడో చూసుకుని, రెండూ ఒకే వారంలో పడితే పండుగకు వేయించే పిల్లల నాటిక మరొకరికి అప్పగించండి. టీచరు అనగానే సంఘంలో కానుకల లెక్కలు, ప్రకటనల రాత, గాయక బృందం కూడా మనకే తగిలిస్తారు; అక్షరం తెలిసిన పాపం! ముందుగా సండే స్కూలు ఒక్కటే, అదీ ఒక్క ఏడాదికే ఒప్పుకుంటున్నానని పాస్టరు గారికి స్పష్టంగా చెప్పి, మీరు రాలేని ఆదివారం తరగతి చూసుకునే రెండో మనిషిని అప్పుడే అడిగి పెట్టుకోండి.