క్రాపీకి ఇంట్లో కట్టిన జిగ్గులు పనిచేస్తాయా?

డాలస్ చుట్టుపక్కల లేకుల్లో క్రాపీ అనే మంచినీటి చేప కోసం జిగ్గులు, అంటే గాలానికి సీసం తల పోసి ఈకలు కట్టిన ఎరలు, ఇంట్లోనే కట్టుకోవచ్చా, ఏ రంగైతే బాగా పడతాయి అని కదా మీరడిగింది. శుభ్రంగా కట్టుకోవచ్చండీ, నేను లూయిస్‌విల్ లేక్‌కి కొన్నవి పట్టుకెళ్ళడం ఎప్పుడో మానేశా. క్రాపీ ఉండేదే నీళ్ళల్లో మునిగిన చెట్ల కొమ్మల్లో, గాలం అక్కడ తగులుకోవడం ఖాయం, సొంతంగా కట్టిందైతే తెగిపోయినా ప్రాణం ఉసూరుమనదు. రంగుల గురించి మాత్రం అందరూ తెగ కొట్టుకుంటారు గానీ నన్నడిగితే అది ఆఖర్న చూసుకునేది, ముందు జిగ్గు నీళ్ళల్లో అడ్డంగా, ఈదే చేపపిల్లలా వేలాడుతోందా లేదా అన్నది చూడాలి.

సీసం కరిగించి తలలు పోసుకునే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అందులో ఒక్క నీటిచుక్క పడితే చాలు ఆవిరై పేలి మొహం మీదకి చిమ్ముతుంది, పిల్లలున్న ఇంట్లో ఆ పొగా దుమ్మూ అసలే వద్దు. రంగు వెయ్యని జిగ్ హెడ్స్ దొరుకుతాయి, 1/32, 1/16 ఔన్సువి కొనుక్కోండి, గాలం కన్ను, అంటే లైన్ కట్టే రంధ్రం, 90 డిగ్రీల్లో పైకి లేచి ఉండాలి. పౌడర్ పెయింట్ (పొడి రూపంలో ఉండే రంగు) వేస్తే ఓవెన్లో పెట్టి గట్టిపరచాలి, దానికి వంటింటి ఓవెన్ ముట్టుకోవద్దు, గరాజ్‌లో ఒక పాత టోస్టర్ ఓవెన్ పెట్టుకోండి (ఇంట్లో గొడవ కూడా తప్పుతుంది). కాల్చే ముందే గాలం కన్నులో పడ్డ రంగుని సూదితో తీసేయండి, తర్వాతైతే రాయిలా పట్టేస్తుంది.

ఇక కట్టడం. తోకకి మారబూ, అంటే టర్కీ కోడి మెత్తటి ఈకలు. గాలం కాడ ఎంత పొడవుందో తోక కూడా ఇంచుమించు అంతే, ఎక్కువైతే చేప తోక చివర కొరికి పోతుంది గాలానికి పడదు. ఈక పొడిగా ఉన్నప్పుడు బాగా ఉబ్బి కనిపిస్తుంది, అందుకే వేళ్ళు తడి చేసి ఒకసారి నిమిరి చూసుకోండి, అప్పుడు అసలు లావు తెలుస్తుంది. పొడవు తగ్గించాలంటే కత్తెర పెట్టొద్దు, చివర్లు గోటితో పట్టి తెంపాలి, కత్తిరిస్తే మొండిగా అయిపోయి నీళ్ళల్లో ఆ కదలిక పోతుంది. దారం బిగించేటప్పుడు ఈకని బొటనవేలు చూపుడువేలు మధ్య నొక్కిపట్టి, దారాన్ని ఆ వేళ్ళ మధ్య నుంచే వదులుగా పైకి తెచ్చి అప్పుడు కిందికి లాగండి, లేకపోతే ఈక మొత్తం కాడ చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్ళిపోతుంది. ఒంటికి షెనీల్, అంటే నూగులా ఉండే మెత్తటి దారం, ఒక్క వరస చాలు, ఎక్కువ చుడితే నీళ్ళు పీల్చుకుని వెనక బరువెక్కుతుంది. చివర ముడి మీద ఒక చుక్క నెయిల్ పాలిష్.

లైన్ ముడి గాలం కన్నుకి నడినెత్తిన ఉండాలి. ముందుకి జారితే తోక కిందికి వేలాడిపోతుంది, అందుకే చేప పడ్డ ప్రతిసారీ, కొమ్మకి తగిలి వచ్చిన ప్రతిసారీ గోటితో దాన్ని వెనక్కి లాగుతుండండి. ఇంకోటి, క్రాపీ కళ్ళు పైకి చూస్తుంటాయి, తనకన్నా కిందున్న ఎరని పెద్దగా పట్టించుకోదు, కాబట్టి చేప ఎక్కడుందో దానికి అడుగు పైన ఆపండి. మార్చి ఏప్రిల్‌లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, అప్పుడు 1/32 జిగ్గుకి బెండు కట్టి వదిలేస్తే చాలు.

రంగంటారా, బురదనీళ్ళకి నలుపు-చార్ట్‌రూస్ (మెరిసే పసుపుపచ్చ ఆకుపచ్చ), తేట నీళ్ళకి తెలుపో బూడిదో, అంతే.

ఎప్పుడైనా న్యూ హాంప్‌షైర్ వైపు వెళ్తే సీసం జిగ్గులు తీసుకెళ్ళకండి, లూన్ అనే నీటిపక్షులు మింగి చచ్చిపోతున్నాయని చిన్నవాటిని అక్కడ బ్యాన్ చేశారు. టెక్సస్‌లో ఆ గొడవ లేదు, లైసెన్స్ ఉంటే చాలు, మామూలుగా 10 అంగుళాలు దాటినవి రోజుకి 25. లేక్ ఫోర్క్‌లో మాత్రం డిసెంబర్ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చిన్నవైనా సరే పట్టిన క్రాపీని వదలకూడదు, లోతు నుంచి పైకి లాగినవి వదిలినా బతకవు కాబట్టి. అప్పుడు వెళ్తే కూలర్ పెద్దది పెట్టుకోండి.