అన్నయ్యతో ఆడిన ఆట కోసం లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ స్ట్రీట్ ఫైటర్ 2 తెగ ఆడేవాళ్ళం. వంతు పోకుండా స్క్రీన్ కింది అంచు మీద కాయిన్ పెట్టి నిలబడేవాళ్ళం. ఆరు బటన్ల మీద అన్నయ్య చేతులు ఎంత వేగంగా కదిలేవో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఇన్నాళ్ళకు పాత ఆర్కేడ్ మెషీన్లు, అంటే కాయిన్ వేసి ఆడే ఆ పెద్ద వీడియో గేమ్ పెట్టెలు, సేకరించాలనిపిస్తోంది. ఒకాయన దగ్గర 1981 నాటి డాంకీ కాంగ్ అనే గేమ్ క్యాబినెట్ (పెట్టె) అమ్మకానికి ఉంది, ధర నా మూడు నెలల జీతం. పాతబడేకొద్దీ రేటు పెరుగుతుంది, ఇది పెట్టుబడే అంటున్నారాయన. సగం బోనస్, సగం పర్సనల్ లోన్‌తో కొందామని ఆలోచన. ఎమర్జెన్సీ ఫండ్ మూడు నెలల ఖర్చులకు వస్తుంది, పాప నాలుగేళ్ళలో కాలేజీకి వెళ్తుంది. మా ఆవిడ మాత్రం "పెట్టేదెక్కడ?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఉత్తరాన్ని మీరే ఇంకోసారి చదువుకోండి. కాయిన్, అన్నయ్య చేతులు, ఆరు బటన్లు, అన్నీ స్ట్రీట్ ఫైటర్ గురించే రాశారు. డాంకీ కాంగ్ గురించి రాసిందల్లా ధర, అమ్మేవాళ్ళ మాట. చిన్నప్పుడు మీరు ఆ గేమ్ ఆడినట్టు కూడా ఎక్కడా లేదు. అంటే మీరు కొనాలనుకుంటున్నది ఒక జ్ఞాపకాన్ని, లోన్ తీసుకోబోయేది మాత్రం వేరొకరి జ్ఞాపకానికి.

ఇక పెట్టుబడి సంగతి. ధర వంద అనుకుందాం. తెప్పించుకోవడానికి ఎనిమిది, వచ్చాక మొదటి రిపేర్లకు పన్నెండు, ఆ తర్వాత ఏడాదికి నాలుగు చొప్పున పదేళ్ళకు నలభై. ఇవన్నీ నా ఊహ లెక్కలే, మీకు ఎక్కువైనా కావచ్చు తక్కువైనా కావచ్చు. మొత్తం నూట అరవై అయింది. అమ్మేటప్పుడు కమీషన్, రవాణా కింద పది శాతం పోతుందనుకుంటే, పెట్టిన డబ్బు పెట్టినట్టు వెనక్కి రావాలన్నా నూట డెబ్బై ఎనిమిదికి అమ్ముడుపోవాలి. అంటే రేటు పదేళ్ళపాటు ఏటా సుమారు ఆరు శాతం పెరిగితే మీకు మిగిలేది సున్నా. సగం ధరకు 12 శాతం వడ్డీతో మూడేళ్ళ లోన్ తీసుకుంటే ఇంకో పది కలుస్తుంది, అప్పుడు దాదాపు నూట తొంభై రావాలి. ఈ పదేళ్ళలో అది మీకు అద్దె ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు, పైగా గదిలో చోటు తింటుంది.

పాతది కాబట్టి విలువ పెరుగుతుందన్న మాట సగమే నిజం. 1980 నాటి పాక్-మ్యాన్ గేమ్ మెషీన్ కూడా పాతదే, కానీ అది విపరీతంగా తయారైంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. ధరని నిలబెట్టేది అరుదుదనం, అసలుదనం. మీరు చూసిన డాంకీ కాంగ్‌నే తీసుకోండి. దాన్ని తయారుచేసిన నింటెండో కంపెనీ అంతకుముందు రాడార్ స్కోప్ అని ఒక గేమ్ తెచ్చింది, అమెరికాలో అది ఆడలేదు. మిగిలిపోయిన దాదాపు రెండు వేల మెషీన్లను డాంకీ కాంగ్‌గా మార్చి అమ్మారు, ఆ తొలి క్యాబినెట్లు ఎర్రవి, తర్వాత వచ్చినవి నీలం. పేరు ఒకటే, ఏడాది ఒకటే, కలెక్టర్ల దగ్గర రెండింటి లెక్క మాత్రం ఒకటి కాదు. మీకు చూపించింది ఏ రంగుదో మీరు రాయలేదు, బహుశా అడగలేదు కూడా. వాడకంలో ఉన్న రోజుల్లో కాయిన్ల కలెక్షన్ పడిపోయిన మెషీన్‌లో గేమ్ ఉండే సర్క్యూట్ బోర్డు మార్చి, స్టిక్కర్లు మార్చి కొత్త గేమ్ వేయడం మామూలే, 1985లో వచ్చిన జమ్మా వైరింగ్‌తో, అంటే వేర్వేరు గేమ్‌ల బోర్డులకు ఒకే రకం కనెక్షన్‌తో, ఆ పని ఇంకా సులువైంది. అందుకే వెనక సీరియల్ నంబరు చూడాలి, లోపల ఉన్నది కంపెనీ బోర్డా, కాపీ బోర్డా అని తెరిపించి చూడాలి.

ఇంకోటి, ఎక్కువమంది మర్చిపోయేది. రేపు ఇది మీ దగ్గర కొనేదెవరు? పాక్-మ్యాన్, డాంకీ కాంగ్ కోసం ఎగబడేది వాటిని చిన్నప్పుడు ఆడినవాళ్ళే. 1981లో పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు యాభై దాటారు, పదిహేనేళ్ళలో వాళ్ళలో చాలామంది ఇల్లు ఖాళీ చేసుకునే వయసుకొస్తారు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే కొనడానికి ఆ జ్ఞాపకం లేని తరం ఉంటుంది. ఇలాగే జరిగి తీరుతుందని కాదు, అది రిస్క్, దానికి లోన్ జోడించకండి అంటున్నాను.

మెయింటెనెన్స్ దగ్గర నాకూ ఒక దెబ్బ తగిలింది, చెప్పుకోవడానికి సిగ్గే. వీడియోలో చక్కగా ఆడుతోందని గలాగా అనే పాత గేమ్ మెషీన్ కొన్నాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే సౌండ్ వస్తోంది, స్క్రీన్ మీద మాత్రం అడ్డంగా ఒకే ఒక తెల్ల గీత. డొక్కు పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో మామూలు జబ్బేనట, అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ బాగుచేత మనం చేసుకునేది కూడా కాదండీ, స్విచ్ తీసేశాక కూడా ఆ ట్యూబులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. కెపాసిటర్లు ఎండిపోతాయి, చెక్కపొట్టుతో చేసిన క్యాబినెట్ తడి తగిలితే అడుగున ఉబ్బుతుంది. వాటి పని తెలిసిన మెకానిక్ దొరకడమే పెద్ద పని.

మరి ఏం చేయాలి? మీ కోరిక తప్పని నేననను, ఉత్తరం చదువుతుంటే నాకే ముచ్చటేసింది. లోన్ వద్దు, డాంకీ కాంగ్ వద్దు. బోనస్‌తో ముందు ఎమర్జెన్సీ ఫండ్‌ని ఆరు నెలలకు తీసుకెళ్ళండి, పాప కాలేజీకి నెలనెలా వేస్తున్నది ఆపకండి. వేయడమే లేదంటే ఆ సంగతి ముందు చూడండి, ఈ మెషీన్ ఎక్కడికీ పోదు. మిగిలినదాంతో విడిగా ఒక ఖాతా తెరిచి, నెలకు కొంత వేసి, అది నిండాక స్ట్రీట్ ఫైటర్ 2 కొనుక్కోండి. ఇంట్లో దీన్ని పెట్టుబడి అని చెప్పకండి, సరదా ఖర్చనే చెప్పండి, సరదాకి లాభనష్టాల టెన్షన్ ఉండదు.

అందులో మీకో సౌకర్యం కూడా ఉంది. 1991లో క్యాప్‌కామ్ ఆ గేమ్‌ని తెచ్చినప్పుడు చాలాచోట్ల అది వేరే గేమ్‌ల పాత క్యాబినెట్లలోకే ఎక్కింది. కాబట్టి మార్చిన క్యాబినెట్ అయినా మీ జ్ఞాపకానికి లోటేమీ లేదు, మీరు ఆడింది బహుశా అలాంటిదాని మీదే. ఒక్క జాగ్రత్త, 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2తో మొదలైన సీపీఎస్-2 రకం క్యాప్‌కామ్ బోర్డుల్లో ఒక బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే గేమ్ నడవడానికి కావాల్సిన కీ (రహస్య కోడ్) చెరిగిపోయి బోర్డు మొరాయిస్తుంది. ఆ రకం కొంటే బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి.

కొన్నాక ఫొటోలు, రసీదు దాచుకోండి, మీ ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో ఇలాంటివి కవర్ అవుతాయో లేదో కనుక్కోండి. దాని విలువెంతో, ఎవరికి అమ్మొచ్చో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి, లేకపోతే మీ తర్వాత అది పాత సామాను ధరకు పోతుంది.

ఇక మీ ఆవిడ ప్రశ్న. మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఆర్థిక ప్రశ్న అదే. ఈ మెషీన్లలో వంద కిలోలు దాటేవి ఉంటాయి, వెనకవైపు తెరవడానికి ఖాళీ వదలాలి. డబ్బు కట్టకముందే టేపు పట్టుకుని తలుపులు కొలవండి. చూడటానికి వెళ్ళినప్పుడు అన్నయ్యని కూడా తీసుకెళ్ళి ఇద్దరూ ఓ గంట ఆడండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక బొమ్మ వణికే మెషీన్లు ఉంటాయి, ఐదు నిమిషాల్లో ఆ సంగతి బయటపడదు.