సంపద, సంతృప్తి గురించి ప్రాచీన రోమన్లు చెప్పినది నేటి ఉద్యోగులకు పనికివస్తుందా?

నెల జీతం మీద, ఇంటి అప్పు వాయిదాల మీద నడిచే జీవితానికి రోమన్ తత్త్వవేత్తల మాటలు ఏ మేరకు ఉపయోగపడతాయని అడిగారు. నాకు ఎంతో ఉపయోగపడ్డాయి, ముఖ్యంగా సెనెకా తన మిత్రుడు లుసీలియస్‌కు రాసిన లేఖల్లో 18వది.

డిసెంబరులో రోము నగరమంతా శాటర్నేలియా పండుగ సందడిలో ఉన్నప్పుడు రాసిన లేఖ అది. అప్పుడప్పుడు కొన్ని రోజులు అతి చవకైన తిండి తిని, ముతక బట్ట కట్టుకొని, ఇన్నాళ్లూ భయపడినది ఈ స్థితికేనా అని మనల్ని మనమే అడిగి చూసుకోవాలని అందులో ఆయన సలహా ఇస్తాడు. శత్రువు కనుచూపుమేరలో లేనప్పుడే సైనికులు కందకాలు తవ్వి సాధన చేస్తారని గుర్తుచేస్తాడు. కోరికలను చంపుకోమని కాదు, భయాన్ని పరీక్షించి చూడమని ఆయన చెబుతున్నాడని నేను అర్థం చేసుకున్నాను.

జీతం బాగా పెరిగే అవకాశం ఉన్నా, ఇంటికి పూర్తిగా దూరం చేసే ఒక ఉద్యోగం గురించి తేల్చుకోలేకపోతున్న రోజుల్లో నేను ఈ సాధన మొదలుపెట్టాను. జొన్నరొట్టె, పచ్చిమిరప పచ్చడి, మజ్జిగతో భోజనం, ఆఫీసుకు సిటీ బస్సులో ప్రయాణం, పాత చొక్కాలు. తిండి విషయంలో ఏ కష్టమూ తోచలేదు. బస్టాపులో తెలిసినవారు ఎదురై, కారు ఏమైందని అడిగినప్పుడు మాత్రం ముఖం ఎర్రబడింది. నన్ను పరుగెత్తిస్తున్నది పేదరికపు భయం కాదనీ, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ అనీ అప్పుడే స్పష్టమైంది. సెనెకాకూ ఇదే అనుభవం ఉంది: మోటు బండిలో ప్రయాణిస్తూ, ఆడంబరంగా వచ్చే పరివారం ఎదురైతే తనకు తెలియకుండానే సిగ్గు కలుగుతోందని 87వ లేఖలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఆ ఉద్యోగాన్ని నేను వద్దనుకున్నాను.

సెనెకా లాంటి గొప్ప ధనవంతుడు ఇలా బోధించడం కపటం కాదా అన్న ఆక్షేపణ చాలా పాతది. రోమన్ చక్రవర్తి నీరో కొలువులో నాలుగేళ్లలోనే ఆయన 30 కోట్ల సెస్టర్షియస్‌లు (రోమన్ నాణేలు) కూడబెట్టాడని సుయిలియస్ అనే ప్రత్యర్థి ఆరోపించినట్లు చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. జ్ఞాని సంపదను ఇంట్లోకి రానిస్తాడే గాని మనసులోకి రానివ్వడని సెనెకా మరోచోట ఇచ్చిన సమాధానం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అయితే క్రీ.శ. 62లో తన ఆస్తినంతా తిరిగి తీసుకోమని ఆయన కోరితే నీరో నిరాకరించాడు. 65లో అదే నీరో ఆజ్ఞ మేరకు ఆయన తన ప్రాణం తానే తీసుకోవలసి వచ్చింది. సంపద మనిషిని ఎలా బంధిస్తుందో ఆయనకు దగ్గరగా తెలుసు, అందుకే ఆ లేఖలోని సలహాను నేను నమ్ముతాను.

మీరు ప్రయత్నించదలిస్తే ఒక్క రోజుతో ఆపకండి, ఎందుకంటే మొదటి రోజు అది కేవలం మార్పుగా, కొంత సరదాగా కూడా అనిపిస్తుంది. వరుసగా మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అని సెనెకా చెప్పినది అందుకే కావచ్చు. ఇందులో గొప్ప చేశామనుకోవద్దనీ, వేలాది బానిసలూ పేదలూ ప్రతిరోజూ ఇలాగే బతుకుతున్నారనీ ఆయనే హెచ్చరించాడు. అందువల్ల నెలాఖరుకు నిజంగానే ఇల్లు గడవని వారికి ఈ సాధనను నేను సూచించను. వారికి కావలసినది ఆదాయం.