గట్టెక్కే ముందు

ఒరే చిన్నోడా,

మళ్లీ రొయ్యల గుంటలు లీజుకు పట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ నడుం నొప్పి పెట్టుకుని ఇందుకూరుపేట గట్ల మీద మేత బస్తాలు మొయ్యడమేందిరా అని ముందు కోపమొచ్చింది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా మొదలుపెట్టావని తెలిసి లోపల మురిసిపోయాననుకో. వద్దని చెప్పను. ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసిన మేనత్తను, కాస్త విను.

బస్తా ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, ఒక్కొక్కటే ఎత్తడం నీకు తెలిసినవే. నా భయం బరువు గురించి కాదు, జారే కాలు గురించి.

కాలు జారితే మనకు తెలిసేలోపే, సెకనులో పదోవంతు గడవకముందే నడుం చుట్టూ కండరాలు బిగుసుకుని ఆపుకుంటాయి, పనవగానే వదిలేస్తాయి. పాత నొప్పి ఉన్నవాళ్లలో బిగియడమూ ఆలస్యమే, వదలడమూ ఆలస్యమే. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు మనుషుల చేత తీగకు ఎదురు లాగించి, ఉన్నట్టుండి ఆ తీగ వదిలేసి ఇది కొలిచారు, 2000లో. తేడా సెకనులో వందోవంతు చిల్లర, అంతే. నొప్పి వల్లే ఈ ఆలస్యం వస్తుందని కొట్టిపారెయ్యకు. 2005లో అక్కడే కాలేజీ ఆటగాళ్లను చూస్తే, తర్వాత నడుం దెబ్బతిన్నవాళ్లలో ఆ వదలడం ముందు నుంచే ఆలస్యంగా ఉంది.

మీ నాన్న సంగతి నీకు సగమే తెలుసు. మొదటిసారి నడుం పట్టినప్పుడు, కదిలితే ఎముక జరుగుతుందని ఎవరో చెప్పారు. అంతే, పొద్దున లేచింది మొదలు బెల్టు, పొట్ట బిగింపు, ఊపిరి బిగింపు. కూర్చున్నా లేచినా కొయ్యే. నేను ఎంత చెప్పినా, "నీకేం తెలుసే, నొప్పి నాది" అనేవాడు. కార్తీకం వానల్లో గట్టు మీద కాలు జానెడు జారింది. పడను కూడా పడలేదు! అయినా మంచం ఎక్కాడు. నువ్వప్పుడు బడికి పోయేవాడివి, నీకు అన్నం కలిపి పెట్టింది నేనే.

కండరాలు ఆలస్యమవుతాయని ఒళ్లే ముందు జాగ్రత్తగా బిగుసుకుంటుంది. అది కాసేపైతే మేలే. రోజంతా ముందు కండరాలూ వెనక కండరాలూ కలిసి బిగిస్తే, బ్రేకు తొక్కి యాక్సిలరేటర్ తిప్పినట్టు. వెన్నుపూసల మీద భారం పెరుగుతుంది, ఊగి సర్దుకునే వీలు పోతుంది. మీ నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు, మొండోడు.

కాబట్టి బస్తా అందించేవాడిని "ఇస్తున్నా" అని చెప్పి ఇమ్మను. తెలిసి వచ్చే బరువుకు నడుం ముందే సిద్ధమవుతుంది, తెలియని బరువే ఎక్కువ కుదుపుతుంది. వల పనికి కూర్చుని చాలాసేపు వంగిన తర్వాత, మోటారు దగ్గర వంగి రిపేరు చేసిన తర్వాత వెంటనే బస్తా పట్టొద్దు. అలా వంగి ఉంటే నడుం చురుకుదనం కాసేపు మందగిస్తుంది. నాలుగడుగులు నడిచి పట్టు.

నొప్పి పోయింది కదా అని వ్యాయామం మానకు. వెన్నుపూసల పక్కన లోతుగా ఉండే కండరం నొప్పితో పాటు దానంతటదే కోలుకోదు. చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యి, ఎడమ కాలు చాచడం నేర్పాను చూడు, రోజూ చెయ్యి. ఊపిరి బిగించకుండా.

కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, ఆ పూటే ఆసుపత్రికి పో. పంట గురించి ఆలోచించకు, గుంట నేను చూసుకుంటా.

గుంటలో నీళ్లు పెట్టకముందే ఒక ఆదివారం నెల్లూరు రా. స్టూలు మీద కూర్చోబెట్టి, చెప్పకుండా అటూ ఇటూ తోసి నీ నడుం ఎలా ఉందో చూస్తాను. మీ నాన్నను కూడా పట్టుకురా. బెల్టు ఇంట్లో వదిలి రమ్మను.

మీ అత్త