ఇలాంటి ఆలోచనలు నాకొక్కరికేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: "నా బుర్రలోకి వచ్చేవి మామూలు ఆలోచనలేనా?" వాటిలోంచి ఐదు ఉత్తరాలు తీసుకున్నాం.

ప్రశ్న: నలుగురిలో కూర్చుని ఉండగా ఎక్కడెక్కడివో ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఒకే మాటని పదే పదే అంటుంటే దానికి అర్థం పోయినట్టు ఎందుకనిపిస్తుంది? పుట్టుకతో చూపు లేనివాళ్ల కలలు ఎలా ఉంటాయి? పైకి అంటే "నీకేమైనా తేడానా?" అంటున్నారు. నిజంగా తేడానే అంటారా?
– డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు

జవాబు: తేడా ఏమీ లేదు. మీ మొదటి ప్రశ్ననే చూద్దాం. "తలుపు" అనే మాటని ఆపకుండా, పైకి వినిపించేలా ముప్పై నలభై సార్లు అనండి. కాసేపటికి అది "పుతలు పుతలు" అని వినిపిస్తుంది. ఇంకొంచెం సాగితే తెరిచి మూసే తలుపు మనసులోంచి జారిపోయి, వట్టి చప్పుడు మిగులుతుంది. ఒకే మాటని వెంటవెంటనే వింటుంటే, దాని అర్థాన్ని పైకి తెచ్చే మెదడు భాగం కాసేపు మందగిస్తుందని ఒక వివరణ. ఒకట్రెండు నిమిషాలు వేరే మాటలు మాట్లాడితే అర్థం తిరిగొస్తుంది. దీని మీద 1962లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఏకంగా పీహెచ్‌డీ పరిశోధనే జరిగింది. మీ రెండో ప్రశ్న మీదా పరిశోధనలున్నాయి. పుట్టుకతో చూపు లేనివాళ్ల కలల్లో ఎక్కువగా శబ్దాలు, స్పర్శ, వాసనలు ఉంటాయి. ఏడేళ్లు దాటాక చూపు పోయినవాళ్లలో చాలామందికి కలల్లో దృశ్యాలు కనిపిస్తూనే ఉంటాయి.

మీలాగే శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌కి కూడా ఒక వింత ప్రశ్న పుట్టింది: వానపాములు వింటాయా అని. వాటిని కుండీల్లో పెంచి, దగ్గరగా ఈల ఊదాడు, బసూన్ అనే ఊదే వాయిద్యం వాయింపించాడు, పియానో మోగించాడు. అవి కదల్లేదు. అదే కుండీల్ని పియానో మీదే పెట్టి ఒక్క స్వరం మీటితే చటుక్కున బొరియల్లోకి దూరాయి. అంటే గాలిలో వచ్చే శబ్దం వాటికి తెలియదు, అదురు తెలుస్తుంది. ఈ సంగతి ఆయన 1881లో అచ్చువేశాడు. చూసినవాళ్లకి అదెంత విడ్డూరంగా ఉండి ఉంటుందో ఊహించండి.

మాటల మధ్యలో మనసు పక్కకి పోవడం కూడా వింత కాదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మంది పెద్దవాళ్లని ఫోన్ల ద్వారా ఎప్పుడు పడితే అప్పుడు పలకరించి, "ఇప్పుడు చేస్తున్న పని మీదే మనసుందా?" అని అడిగారు. 46.9 శాతం సార్లు మనసు ఇంకెక్కడో ఉంది.

చిక్కంతా వేళ దగ్గరే వస్తుంది. ఎవరో తమ కష్టం చెప్పుకుంటుంటే మధ్యలో కలల గురించి అడిగితే, ప్రశ్న మంచిదే అయినా వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అందుకని ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసి, పుస్తకం మూసి, మళ్లీ మాటల్లోకి వచ్చేయండి. రాసేశారు కాబట్టి మరిచిపోతానన్న తొందర పోతుంది. వారానికి ఒకరోజు తీరిగ్గా అందులోంచి ఒక్కటే తీసుకుని, మొదట మీ ఊహ రాయండి, తర్వాత వెతకండి. ఊహ ముందు రాయకపోతే, చదివిన జవాబు ముందే తెలిసినట్టనిపించి మనసుకి ఆనదు. రాత్రి పక్క మీద ఫోన్‌లో మాత్రం వెతకొద్దు. ఒకదాన్లోంచి ఇంకోటి పుట్టి నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మర్నాడు మనసు ఇంకా చెదురుతుంది.

ప్రశ్న: మా పాపకి నాలుగు నెలలు. కూరగాయలు తరుగుతుంటే, చేతిలో కత్తి పాపకి గుచ్చేస్తానేమో అని ఆలోచన వస్తుంది. ఒళ్లు జలదరిస్తుంది. కత్తులన్నీ దాచేశాను. పాపని ఒంటరిగా ఎత్తుకోవాలంటేనే భయం. నేనేం తల్లిని?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్లో మాకు కనిపించింది పాప అంటే ప్రాణం పెట్టే తల్లి. అడగకుండా, ఇష్టం లేకుండా వచ్చిపడే ఇలాంటి వాటిని చొరబాటు ఆలోచనలంటారు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు మానసిక జబ్బేదీ లేని 124 మందిని అడిగితే, దాదాపు 80 శాతం మంది తమకూ వస్తాయన్నారు. పసిపిల్లల తల్లుల మీద తర్వాత జరిగిన ఒక పరిశోధనలో, బిడ్డకి తన చేతులారా హాని చేస్తున్నట్టు ఇష్టంలేని ఆలోచన వచ్చిందని చెప్పినవాళ్లు దాదాపు సగం మంది. పైకి చెప్పరు కాబట్టి ఎవరికి వాళ్లు తమకొక్కరికే అనుకుంటారు.

కాన్పయ్యాక మెదడు బిడ్డకి ఎటునుంచి ముప్పు వస్తుందా అని కాపలా కాస్తుంటుంది. కత్తి కనిపించగానే "ఇది పాపకి తగిలితే?" అని ఒక బొమ్మ గీసి చూపిస్తుంది. చాలామందిలో అది క్షణంలో చెరిగిపోతుంది. "ఇలా ఎందుకు వచ్చింది? నేను అలాంటిదాన్నా?" అని పట్టుకుంటే మాత్రం ఉండిపోతుంది. మనసు దేన్ని ప్రాణంగా చూసుకుంటుందో దాని మీదే ఇవి వస్తాయి. మీకు వేసే భయం మీ స్వభావం ఆ ఆలోచనకి ఎదురు తిరగడమే.

తరిమేయబోతే ఎందుకు పోదో కూడా తెలుసుకోండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులకి ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దని చెప్పి, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత తలచుకోవచ్చని చెబితే, మొదటినుంచీ తలచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. "రాకూడదు, రాకూడదు" అనుకుంటే, వచ్చిందో లేదో చూడ్డానికి మనసు దాన్నే వెతుకుతుంది.

కాబట్టి ఆలోచన రాగానే "ఇదిగో, చొరబాటు ఆలోచన" అని పేరు పెట్టండి. వాదించకండి, దండం పెట్టి పొమ్మనకండి, "నేనలా చెయ్యను" అని మనసులో ఒట్లు వేసుకోకండి. చేతిలో పని ఆపకండి. సగం తరిగిన కాయ పూర్తిగా తరగండి. గుండె దడ ముందు పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. పెరిగినప్పుడే కత్తి పక్కన పడేసి వెళ్లిపోతే, "కత్తి వదిలేశాను కాబట్టే గండం గడిచింది" అని మెదడు నేర్చుకుంటుంది. దాచిన కత్తులతో జరిగింది అదే. రోజుకొకటి చొప్పున వాటిని పాత చోట్లకి తెచ్చెయ్యండి. పిల్లలున్న ఇంట్లో వాటిని పాపకి అందని ఎత్తులో పెట్టడం మామూలు జాగ్రత్తే, అది చాలు. "నేను బాగానే ఉన్నాను కదా?" అని ఇంట్లోవాళ్లని రోజుకి పదిసార్లు అడగడం కూడా దాచడం లాంటిదే. ఒకసారి చెప్పుకోండి, అక్కడితో ఆపండి. రెండు మూడు వారాల్లో పట్టు సడలకపోతే, మీ కాన్పు చూసిన డాక్టర్‌కి చెప్పి సైకియాట్రిస్ట్‌ని కలవండి.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. ఆ ఆలోచన భయం పుట్టించకుండా సబబుగానే తోచినా, ఎవరూ లేకుండా మాటలు వినిపించినా, పాపలో ఏదో దుష్టశక్తి ఉందని గట్టిగా నమ్మకం కలిగినా, రోజుల తరబడి నిద్రే అక్కర్లేనట్టున్నా అది చొరబాటు ఆలోచన కాదు, కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన జబ్బు కావచ్చు. పాపని ఇంకొకరికి అప్పగించి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మందులతో నయమవుతుంది.

ప్రశ్న: నాకు చిన్నప్పటినుంచీ సోమవారం పసుపు, గురువారం ముదురు నీలం. అందరికీ అంతేననుకునేవాణ్ణి. కాదని ఈమధ్యే తెలిసింది.
– ఒక పాఠకుడు

జవాబు: మాటకో అంకెకో దానంతటదే ఒక రంగు తోడై తోచడాన్ని సినస్థీషియా అంటారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1880లోనే అంకెలకి రంగులు కనిపించేవాళ్ల గురించి రాశాడు. జబ్బు కాదు, వైద్యం అక్కర్లేదు. పరీక్షించుకోవాలంటే వారాలు, నెలలు, అంకెలు వరసగా రాసి, పక్కన వాటి రంగులు వీలైనంత కచ్చితంగా రాయండి (ఉత్త "నీలం" అనకుండా "ఇంకు నీలం" అన్నట్టు). కాగితం ఎక్కడైనా దాచి, మూడు నెలలయ్యాక చూడకుండా మళ్లీ రాయండి. ఈ లక్షణం ఉన్నవాళ్ల రంగులు పెద్దగా మారవు. ఊరికే ఊహించి రాసినవాళ్లవి సగం పైనే తప్పుతాయి.

ప్రశ్న: బయటికెళ్లేటప్పుడు గుమ్మాన్ని నాలుగుసార్లు ముట్టుకోకపోతే నాన్నకి ఏదో అవుతుందనిపిస్తుంది. అబద్ధమని తెలుసు. అయినా ముట్టుకోకుండా ఉండలేను. సరిగ్గా ముట్టలేదనిపించి మళ్లీ మొదలుపెడతాను. ఆఫీసుకి రోజూ ఆలస్యం.
– ఒక ఉద్యోగి

జవాబు: ఆలోచనకీ జరిగేదానికీ ముడి ఉందన్న నమ్మకమే ఇక్కడ అసలు ఇబ్బంది. చిన్న వస్తువుతో మొదలుపెట్టి పరీక్షించండి. "ఈ వారంలో మా ఇంట్లో ఫ్యాన్ పాడవ్వాలి" అని రోజూ పొద్దున్నా రాత్రీ నిమిషంసేపు గట్టిగా అనుకోండి. వారం చివర ఏమైందో రాయండి. తర్వాత "నా పెన్ను పోవాలి", ఆ తర్వాత "నాకు జలుబు చెయ్యాలి". నేరుగా నాన్నతో మొదలుపెట్టకండి. ఎక్కువ భయం పుట్టి మధ్యలోనే ఆపేస్తారు, భయం ఇంకా గట్టిపడుతుంది. గుమ్మం దగ్గర నాలుగుసార్లని మూడు చేసి కొన్నాళ్లు, తర్వాత రెండు, తర్వాత ఊరికే దాటి వెళ్లడం. ముట్టుకోవడం మానేసి మనసులో లెక్కపెట్టడం మొదలుపెడితే మానినట్టు కాదు.

అయితే మీ ఉత్తరంలో "రోజూ ఆలస్యం" అన్న మాట మమ్మల్ని ఆపింది. ఇలాంటి ఆలోచనలూ చేష్టలూ కలిపి రోజుకి గంటకి పైగా తినేస్తున్నా, ఉద్యోగానికో చదువుకో అడ్డం పడుతున్నా ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలూ, ఆపుకోలేని చేష్టలూ ఉండే మానసిక జబ్బు) ఉందేమో సైకియాట్రిస్ట్‌కి చూపించుకోవాలి. వెళ్లేముందు వారంరోజులు ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏం చేయకుండా ఉండలేకపోయారు అన్నవి రాసిపెట్టుకోండి. "టెన్షన్‌గా ఉంటోంది" అని మాత్రమే చెబితే డాక్టర్‌కి అసలు విషయం అందదు. భయం పుట్టించేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొంటూ, అలవాటైన చేష్టని ఆపడం నేర్పే చికిత్స ఉంది. సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు పడుతుంది. మందులు రాస్తే, పూర్తి గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. చాలామంది మూడో వారంలోనే "పనిచెయ్యడం లేదు" అని మానేసి మొదటికి వస్తారు. ఇబ్బందిగా ఉంటే మానకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్లవాడు, చనిపోయినవాళ్లకి గోళ్లు పెరుగుతాయా అని అడిగాడు. నాకు భయమేసి నోరు మూయించాను. వాడి మనసులో ఏముందో?
– ఒక తల్లి

జవాబు: వాడి మనసులో గోళ్ల గురించి సందేహం ఉంది, అంతే. ఆ వయసుకి చావు అంటే తిరిగిరాకపోవడమని తెలిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఒంటికేమవుతుందన్న ఆరా మొదలవుతుంది. గోళ్లు పెరగవు. చర్మం ఎండి వెనక్కి ముడుచుకుంటే లోపలున్న గోరు బయటపడి, పెరిగినట్టు కనిపిస్తుంది. ఇదే మాట వాడికి చెప్పండి. చెప్పేముందు "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. ఎవరైనా పోతారని భయపడి అడుగుతున్నాడా, ఊరికే అడుగుతున్నాడా అన్నది వాడి జవాబులోనే తెలిసిపోతుంది. భయమైతే దాని గురించి మాట్లాడండి. కాదంటే ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాడు, వాటికి కూడా సిద్ధంగా ఉండండి. మొన్న కసిరినందుకు "ఆ రోజు నాకు జవాబు తెలియక కోప్పడ్డాను" అని ఒక్క మాట అనండి.